ఎక్లిప్స్‌లో స్పీడ్ డెన్సిటీ: మీటరుతో పాటు పోయిన బారోమీటరు

నా 1992 మిత్సుబిషి ఎక్లిప్స్ జీఎస్‌ఎక్స్ టర్బో కారులో కంపెనీ బిగించిన ఎయిర్‌ఫ్లో మీటరును (ఇంజనులోకి పోయే గాలిని కొలిచేది) తీసివేసి, స్టాండలోన్ ఈసీయూ (పెట్రోలు లెక్కను మనమే దిద్దుకోగల ఇంజను కంప్యూటరు) పెట్టి, స్పీడ్ డెన్సిటీ పద్ధతికి మారి చాలా ఏళ్లయింది. ఈ మార్పు వల్ల కలిగిన లాభాలన్నీ ఒక ఎత్తు, ఆ మీటరుతో పాటు కారులోంచి వెళ్లిపోయిన చిన్న బారోమీటరు ఒక్కటీ ఒక ఎత్తు అని ఇప్పుడు నా అభిప్రాయం. నేను ఉండేది డెన్వర్‌లో, అంటే సుమారు 1,600 మీటర్ల ఎత్తున. సెలవు రోజుల్లో ఈ కారు నడిచేది అంతకు రెట్టింపు ఎత్తుకు ఎక్కే రాకీ పర్వతాల దారుల్లో. ఈ సమీక్షను ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

ఈ కార్లలో వచ్చే మీటరు కార్మన్ వోర్టెక్స్ రకానిది. లోపలికి వచ్చే గాలికి ఒక చిన్న అడ్డు పెట్టి, దాని వెనుక పుట్టే సుడులను లెక్కిస్తుంది. సుడుల సంఖ్య గాలి వేగాన్ని చెబుతుందే తప్ప బరువును చెప్పదు కాబట్టి, బరువు కట్టడానికి కావలసిన ఉష్ణోగ్రత సెన్సరును, వాతావరణ పీడనాన్ని కొలిచే సెన్సరును కూడా తయారీదారులు అదే డబ్బాలో అమర్చారు. స్పీడ్ డెన్సిటీలో ఈ డబ్బా అవసరం ఉండదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (గాలిని సిలిండర్లకు పంచే గొట్టంలోని) పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజను వేగం తెలిస్తే, ముందుగా తయారుచేసుకున్న పట్టిక ఆధారంగా సిలిండర్లలోకి ఎంత గాలి పోతున్నదో ఈసీయూ తానే గణించుకుంటుంది.

మారిన కొత్తలో నేను దీన్ని కలిసిన ప్రతివారి దగ్గరా పొగిడాను. పాత పద్ధతిలో బ్లో ఆఫ్ వాల్వ్ (కాలు తీయగానే టర్బో నెట్టిన గాలిని వదిలేసే వాల్వ్) గాలిని బయటికి వదిలితే, అప్పటికే లెక్కలోకి వచ్చిన గాలి పోయినట్టే; ఈసీయూ మాత్రం ఆ గాలికీ పెట్రోలు పోస్తుంది, గేరు మార్చిన ప్రతిసారీ ఇంజను ఒక్క క్షణం తడబడుతుంది. స్పీడ్ డెన్సిటీలో ఆ బాధ లేదు. టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులో లీకున్నా కారు నిశ్చింతగా నడుస్తుంది. అయితే ఈ చివరి గుణాన్ని ఇప్పుడు అంతగా పొగడలేను. పాత మీటరు ఉన్నప్పుడు చిన్న లీకు ఏర్పడినా ఇంజను మొరాయించి చెప్పేది. ఇప్పుడు క్లాంపు వదులైనా ఏమీ తెలియదు, ఆ లోటు పూడ్చడానికి టర్బో మాత్రం లోలోపల అదనంగా తిరుగుతూ ఉంటుంది. మీటరు అడ్డు తొలగడం వల్ల శక్తి పెరిగిందని కూడా అప్పట్లో అన్నాను కానీ, కంపెనీ ఇచ్చిన చిన్న 14బీ టర్బోకు ఆ మీటరు అంత పెద్ద అడ్డేమీ కాదు. ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం కొత్త ట్యూనింగు వల్ల వచ్చిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. డెన్వర్ నుంచి పడమరకు ఇంటర్‌స్టేట్ 70 మీద వెళితే ఐసెన్‌హవర్ సొరంగం వస్తుంది; అది దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. డెన్వర్‌లో 83 కిలోపాస్కళ్ల దగ్గర ఉండే వాతావరణ పీడనం అక్కడికి చేరేసరికి 67 ప్రాంతానికి పడిపోతుంది. బయటి పీడనం తగ్గితే ఎగ్జాస్ట్ వైపు ఎదురొత్తిడి కూడా తగ్గి, సిలిండర్లో కాలిన వాయువు తక్కువగా మిగులుతుంది. మానిఫోల్డ్ పీడనం మారకపోయినా తాజా గాలి కొంచెం ఎక్కువగా చేరుతుంది. అందుకని స్పీడ్ డెన్సిటీకి కూడా బారోమీటరు కావాలి. నా ఈసీయూలో దానికి విడిగా సెన్సరు లేదు. తాళం తిప్పిన క్షణంలో, ఇంజను ఇంకా తిరగకముందు, మానిఫోల్డ్ సెన్సరు చూపే అంకెనే అది వాతావరణ పీడనంగా తీసుకుని, మళ్లీ ఆపే దాకా అదే పట్టుకుని ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు దీనివల్ల మిశ్రమం కాస్త లీన్ అయ్యేది, అంటే గాలికి తగ్గ పెట్రోలు పడేది కాదు. మామూలు వేగంలో ఎగ్జాస్ట్‌లో గాలి, పెట్రోలు పాళ్లను చూసే వైడ్‌బ్యాండ్ సెన్సరు సర్దేది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

దిగేటప్పుడు జరిగింది మాత్రం వేరు. సొరంగం దాటి తూర్పు వాలులో గేరులోనే థ్రోటిల్ పూర్తిగా వదిలి దిగుతున్నాను. వాలు ముగిసిన చోట ఒక లారీని దాటడానికి కాలు నొక్కితే కారు ముందుకు పోవడానికి బదులు గింజుకుంది, వెనుక నల్లటి పొగ లేచింది, వైడ్‌బ్యాండ్ గేజు 10 దగ్గర, అంటే పెట్రోలు మరీ ఎక్కువైన చోట, అంటుకుపోయింది. పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏ జబ్బూ లేదు. ఆ తర్వాత చాలా నెలల పాటు అప్పుడప్పుడు ఇలాగే జరిగేది, ఎప్పుడూ దిగువ దారిలోనే, ఎప్పుడూ ఆపి తిప్పగానే నయమయ్యేది. ఇంజెక్టర్లు శుభ్రం చేయించాను, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటరు మార్చాను, ఒక వర్క్‌షాపు వారు టర్బో సీల్ పోయిందని తేల్చి అంచనా బిల్లు కూడా చేతికిచ్చారు.

చివరికి ఈసీయూ నమోదు చేసుకునే లాగ్‌లో అప్పటిదాకా ఎవరూ తెరిచి చూడని గీత ఒకటి సంగతి బయటపెట్టింది. వాతావరణ పీడనం గీత కొండ దిగుతున్నకొద్దీ మెల్లగా పెరగాల్సింది పోయి, ఒక్కసారిగా 35 కిలోపాస్కళ్లకు కూలిపోయి అక్కడే నిలిచింది. ముప్పై ఏళ్ల నాటి ఇగ్నిషన్ రిలే టెర్మినల్ వదులై, రోడ్డు మీద గతుకు తగిలినప్పుడు ఈసీయూకు కరెంటు రెప్పపాటు తెగేది. గేరులో ఉన్న ఇంజను చక్రాల బలంతో తిరుగుతూనే ఉంటుంది, వాలులో ఇంధనం ఎలాగూ కట్ అయి ఉంటుంది కాబట్టి ఆ కుదుపు నడిపేవాడికి తెలియదు. తిరిగి మేలుకున్న ఈసీయూ మూసిన థ్రోటిల్ వెనుక ఉన్న శూన్యాన్ని చూసి, తాను దాదాపు ఎవరెస్టంత ఎత్తున ఉన్నానని నమ్మి, ఆ లెక్కన అదనంగా పెట్రోలు పోసేది. ఆ అంకెకు కింది హద్దు పెట్టుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మొదట ట్యూన్ చేసినవారు దాన్ని ముట్టుకోలేదు. ఇక్కడ ఆ హద్దును 60 కంటే పైకి జరపలేము, ఎందుకంటే ఆ సొరంగం దగ్గరి లవ్‌లాండ్ పాస్ అనే కనుమ మీద నిజంగానే పీడనం ఆ దరిదాపులకు వస్తుంది.

రిలే మార్చాను, హద్దు 60 దగ్గర పెట్టాను, వాటితో పాటు బయటి గాలికి తెరిచి ఉండేలా రెండో మ్యాప్ సెన్సరును (మానిఫోల్డ్‌లో ఉన్నలాంటి పీడన సెన్సరును) డ్యాష్‌బోర్డు కింద బిగించాను. అప్పటి నుంచి దిగువ దారిలో ఆ తెగులు మళ్లీ రాలేదు, ఎగువ దారిలోని లీన్ కూడా పోయింది. అంటే గ్యారేజీ అటక మీద పడేసిన డబ్బాలో ఉచితంగా ఉన్న పనికి మళ్లీ డబ్బు పెట్టానన్నమాట.

నాలాగా లాప్‌టాప్ పక్కన పెట్టుకుని పట్టిక దిద్దుకునే ఓపిక ఉండి, మున్ముందు టర్బో పెంచే ఆలోచన ఉన్నవారికి స్పీడ్ డెన్సిటీ సరిపోతుంది, కానీ బారో సెన్సరును మొదటి రోజే కొనాలి. కామ్‌షాఫ్టు మార్చిన ప్రతిసారీ పట్టికంతా మళ్లీ మొదలుపెట్టాలని కూడా తెలిసి ఉండాలి. చిన్న టర్బోతోనే ఉండదలచినవారికైతే, 1995 తర్వాతి ఎక్లిప్స్‌ల నుంచి వచ్చే పెద్ద కార్మన్ మీటరు తక్కువ తలనొప్పి. బ్లో ఆఫ్ వాల్వ్ గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకే పంపితే చాలు. సముద్రమట్టానికి దగ్గరగా, విశాఖలోనో హ్యూస్టన్‌లోనో నడిపేవారికి బారోమీటరు లేకపోయినా ఏ తేడా తెలియకపోవచ్చు. వారు కూడా ఆ కింది హద్దును మాత్రం 90 దగ్గర పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే వదులైన రిలే ఏ ఎత్తున ఉన్న కారులోనైనా ఉండవచ్చు.