జాకెట్టా, వింగా? వెచ్చని నీళ్లకీ చల్లని నీళ్లకీ ఒకే బీసీడీ కొనేముందు

స్కూబా డైవింగ్‌కి సొంత బీసీడీ (సిలిండర్‌ని వీపుకి పట్టి ఉంచుతూ, గాలి నింపి వదిలి తేలడాన్ని సర్దుకునే తొడుగు) కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీది మంచిదని. రెండు రకాల నీళ్లలోనూ దిగే ఆలోచన ఉంటే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒంటిమీద ఏ సూట్ ఉండబోతోందో. బీసీడీకి పడే పనిలో ఎక్కువ భాగం ఆ సూట్ వల్ల వచ్చేదే.

వెట్‌సూట్‌లో ఉండే నియోప్రీన్ అనే రబ్బరు నిండా సన్నని గాలి బుడగలు ఉంటాయి. 10 మీటర్ల లోతుకి ఒత్తిడి రెట్టింపవుతుంది, 30 మీటర్లకి నాలుగింతలు. బుడగలు నలిగి సూట్ పల్చబడుతుంది, నీటిపైన మనల్ని తేల్చిన బలం తగ్గిపోతుంది. 3 మి.మీ. సూట్‌లో ఈ నష్టం ఒకటి రెండు కేజీలే. హుడ్‌తో సహా మందంగా 7 మి.మీ. వేసుకుంటే ఐదారు కేజీల దాకా వెళ్లొచ్చు. దీనికి గాలి బరువు కలపాలి. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌ని 200 బార్‌కి నింపితే అందులో గాలే సుమారు 2.7 కేజీలు ఉంటుంది. అది డైవ్ మొదట్లో మన మీద ఉండే బరువు, చివరికొచ్చేసరికి చాలావరకు ఖర్చైపోతుంది. అంటే వెచ్చని నీళ్లలో బీసీడీ నిజంగా మోయాల్సింది నాలుగైదు కేజీలు, చల్లని నీళ్లలో వెట్‌సూట్‌తో ఎనిమిది తొమ్మిది. పాతిక కేజీల లిఫ్ట్ (తేల్చే బలం) ఉందని గొప్పగా రాసుకున్న మోడల్ చూసి ఆశపడక్కర్లేదు. అంత పెద్ద సంచిలో కొద్దిగా గాలి ఉన్నప్పుడు అది అటూ ఇటూ దొర్లుతుంది, మన సమతూకం చెడగొడుతుంది.

జాకెట్ మోడల్ అందరికీ తెలిసిందే, కోర్సులో ఎక్కువమంది దాంతోనే నేర్చుకుంటారు. నీటిపైన నిటారుగా, తల బయట ఉండేలా హాయిగా నిలబెడుతుంది. జేబులు పెద్దవి, వెయిట్లు అందులోనే పెట్టుకోవచ్చు. వెచ్చని నీళ్లలో పల్చటి సూట్ మీద, ఏడాదికో సెలవులప్పుడు దిగేవాళ్లకి ఇది చాలు, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇబ్బంది చల్లని నీళ్లకి వెళ్లినప్పుడు మొదలవుతుంది. పల్చటి సూట్‌కి సరిపోయిన సైజు డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాని సూట్), దాని లోపలి ఉన్ని దుస్తుల మీద బిగిసిపోతుంది. చుట్టూ ఉన్న సంచి గాలి నింపగానే పక్కటెముకల్ని నొక్కుతుంది. పైగా జాకెట్‌లోని మెత్తటి ప్యాడింగ్ కూడా తేలుతుంది, దాన్ని ముంచడానికే కొంత సీసం అదనంగా కట్టుకోవాలి.

వీపువైపు మాత్రమే గాలి నిండే బ్యాక్ ఇన్‌ఫ్లేట్ రకం మధ్యస్థం. నీటిలో అడ్డంగా, చక్కగా ఉంచుతుంది, కానీ సైజు సమస్య అలాగే ఉంటుంది. నీటిపైన ఎక్కువ గాలి నింపితే మొహం ముందుకు వంగుతుంది. దాని గురించి అంతకుమించి చెప్పడానికి లేదు.

బ్యాక్‌ప్లేట్, వింగ్ జోడీ విషయం వేరు. ఒక లోహపు పలక, రెండంగుళాల వెడల్పున్న ఒకే పొడవాటి పట్టీ, వెనక వింగ్ అనే ఒక గాలి సంచి. అంతే. పట్టీ పొడవు మార్చుకుంటే 3 మి.మీ. సూట్‌కీ డ్రైసూట్‌కీ అదే సరిపోతుంది. ఒకసారి భుజం దగ్గర పట్టీని వదులు చేసి, నడుము దగ్గర బకిల్ జరిపి చూడండి, పది నిమిషాల పని. పలక రంధ్రాల మధ్య దూరం దాదాపు అన్ని కంపెనీలకీ 11 అంగుళాలే కాబట్టి ఒకరి పలక, ఇంకొకరి వింగ్ కలిపి వాడుకోవచ్చు. సంచి పాడైతే సంచి ఒక్కటే మార్చుకుంటాం.

అసలు లాభం బరువులో ఉంది. స్టీల్ పలక రెండున్నర నుంచి మూడు కేజీలు తూగుతుంది. చల్లని నీళ్లలో డ్రైసూట్‌తో 10 కేజీలకు పైగా సీసం కట్టుకోవడం మామూలే. అందులో ఈ మూడు కేజీలు నడుము నుంచి వీపు మీదకి, ఊపిరితిత్తుల దగ్గరికి చేరతాయి. కాళ్లు కిందికి లాగడం తగ్గుతుంది, నడుముకీ సుఖం. అల్యూమినియం పలక కేజీ లోపే ఉంటుంది, విమానంలో తీసుకెళ్లడానికి అదే అనువు. చల్లదనానికి స్టీల్, ప్రయాణానికి అల్యూమినియం, రెండింటికీ ఒకే పట్టీ పద్ధతి, ఒకే వింగ్. నా ఓటు దీనికే.

కానీ స్టీల్ పలకని కళ్లు మూసుకుని వెచ్చని నీళ్లకి తీసుకెళ్లొద్దు. పల్చటి సూట్, స్టీల్ సిలిండర్, స్టీల్ పలక మూడూ కలిస్తే సీసం ఒక్క ముక్క లేకపోయినా బరువెక్కువైపోవచ్చు. అప్పుడు వింగ్ చిరిగితే వదిలేయడానికి ఏమీ ఉండదు, పలకని విప్పి పారేయలేం కదా. నిండు సిలిండర్‌తో, సంచిలో గాలి లేకుండా, అవసరమైతే కొంత సీసం వదిలేసి ఫిన్లతో ఈదుతూ పైకి రాగలగాలి. ఏ జోడీ కొన్నా ఈ పరీక్షకి నిలబడాల్సిందే. అందుకే బరువంతా పలకలో పెట్టకుండా కొంత బెల్ట్ మీదో, తీసి వదిలేయగల జేబులోనో ఉంచుకోవాలి.

వింగ్ సైజు ఒక్క సిలిండర్‌కి 14 నుంచి 18 కేజీల లిఫ్ట్ మధ్య చూసుకోండి. వెట్‌సూట్ వరకే అయితే 14 చాలు. డ్రైసూట్ ఉంటే 18 వైపు మొగ్గుతాను. సూట్‌లోకి నీళ్లు చేరి గాలంతా పోతే అక్కడ కట్టుకున్న సీసాన్నంతా వింగే మోయాలి. బరువులన్నీ పలకకే తగిలిస్తే, ఒంటి మీంచి విప్పేసిన సెట్ నీటిపైన మునిగిపోకుండా చూసుకోవాల్సింది కూడా అదే.

చల్లని నీళ్లకి ఇంకో రెండు సంగతులు షాపులోనే చూసుకోవాలి. మీ మందపాటి గ్లవ్స్ తీసుకెళ్లి, అవి వేసుకునే ఇన్‌ఫ్లేటర్ (సంచిలోకి గాలి పంపే పరికరం) బటన్లు నొక్కండి, నడుము దగ్గర గాలి వదిలే డంప్ వాల్వ్ తాడు అందుకోండి. వట్టి చేతికి సులువుగా దొరికే చిన్న బటన్, 5 మి.మీ. గ్లవ్ వేళ్లకి అసలు తెలియదు. రెండోది, 10 డిగ్రీల కన్నా చల్లని నీటిలో ఇన్‌ఫ్లేటర్ వాల్వ్ గడ్డకట్టి గాలి ఆగకుండా కొట్టే ప్రమాదం ఉంది. బటన్ నొక్కి పట్టుకోకుండా కొద్దికొద్దిగా గాలి పంపాలి. గ్లవ్‌తోనే ఇన్‌ఫ్లేటర్‌కి గాలి తెచ్చే లో-ప్రెషర్ హోస్ ఊడదీయడం వస్తుందో లేదో ఒడ్డునే సాధన చేయాలి. హోస్ కనెక్టర్ తలకాయ కాస్త పెద్దదిగా, గరుకుగా ఉంటే మేలు.

కాళ్ల మధ్య నుంచి వెళ్లే క్రాచ్ స్ట్రాప్ కొంతమందికి మొదట్లో నచ్చదు. తల కిందికి పెట్టి దిగినప్పుడు సిలిండర్ మెడ మీదకి జారకుండా ఆపేది అదే కాబట్టి తీసేయకండి.

ఏది కొన్నా సీసం లెక్క రెండు నీళ్లకీ విడివిడిగా తేల్చుకోండి. చల్లని నీళ్లు చాలాసార్లు సరస్సుల్లోనివి, అంటే మంచినీళ్లు. సముద్రపు నీటి సాంద్రత దానికన్నా సుమారు రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి, సామాన్లతో కలిపి వంద కేజీలుండే మనిషికి అదే సూట్‌లో సరస్సులో రెండున్నర కేజీల సీసం తక్కువ పడుతుంది. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి కదలకుండా ఆగగలిగితే సీసం సరిపోయినట్టే. డ్రైసూట్‌తో అయితే ఒంటిని పిండేయకుండా ఉండేంత గాలి మాత్రం సూట్‌లో ఉంచుకుని చూడాలి. ఆ అంకెని ఏ సూట్, ఏ సిలిండర్, ఏ పలక, ఉప్పునీళ్లా మంచినీళ్లా అన్నదానితో సహా లాగ్‌బుక్‌లో రాసుకోండి.