త్వరగా ఆరే చెప్పులే వానకు: మూడు తడి యాత్రల తర్వాత

పొద్దున్నే తడి బూట్లలో కాళ్ళు దూర్చడం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రాత్రంతా వాటి నిండా కాగితాలు కుక్కి, మధ్యలో లేచి ఆ కాగితాలు మార్చి ఎన్ని తిప్పలు పడ్డా, తెల్లవారేసరికి లోపలి మెత్త చల్లగా, వేలితో నొక్కితే నీళ్ళు ఊరేలా ఉండేది. ఆ బాధ నుంచి నన్ను తప్పించినవి ఈ సైక్లింగ్ శాండల్స్. మూడేళ్ళలో మూడు దూరపు యాత్రలు చేశాను. మొత్తం 5,200 కిలోమీటర్ల దాకా తొక్కితే అందులో సగానికి పైగా వానలోనో, తడి రోడ్డు మీదనో. అంతా ఈ ఒక్క జతతోనే. బరువెంత, సోల్ మందమెంత, పట్టీలు ఎన్ని అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. ఇవి ఎంత త్వరగా ఆరతాయన్నదే నేను చెప్పాలనుకున్న విషయం.

వీటికి ముందు, నీళ్ళు చొరకుండా లోపల పొర ఉన్న షూస్ వాడాను. ఆ పొర పని చేయదని నేను అనను. దాని రంధ్రాలు నీటి చుక్క దూరలేనంత చిన్నవి, ఆవిరి మాత్రం బయటికి పోగలిగేంతవి. తుంపర పడినప్పుడు, అరగంట జల్లు పడి ఆగిపోయినప్పుడు పాదాలు నిజంగానే పొడిగా ఉండేవి. కానీ యాత్రలో వాన అరగంటతో ఆగదు కదా. రోజంతా ముసురు పట్టిన రోజున నీళ్ళు పొరలోంచి రాలేదు, పైనుంచి వచ్చాయి. రెయిన్ ప్యాంటు అంచు నుంచి కారి, చీలమండ దగ్గర సాక్స్‌కి అంటుకుని, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు సాక్స్ ఆ నీళ్ళన్నిటినీ లోపలికి లాగేసింది. లోపలికి చేరిన నీళ్ళు బయటికి పోవడానికి దారి లేదు, ఎందుకంటే ఆ పొర రెండు వైపులా ఒకేలా ఆపుతుంది. పైగా బయటి గుడ్డ పూర్తిగా నానిపోయాక చెమట ఆవిరి కూడా బయటికి పోలేదు. సాయంత్రం విప్పి, సంచులు తూచుకునే చిన్న తూకానికి తగిలించి చూశాను. పొడిగా ఉన్నప్పుడు 450 గ్రాములుండే షూ 700 దాటింది. అంత నీటిని ప్రతి తొక్కుకీ పైకీ కిందకీ తిప్పుతూ వచ్చానన్నమాట. ఆ జత పూర్తిగా ఆరడానికి మూడు రోజులు పట్టింది, అదీ మధ్యలో ఒక రోజు మంచి ఎండ కాసింది కాబట్టి. ఈలోపు అరికాళ్ళు తెల్లగా ఉబ్బి, వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, ఆ యాత్ర చివరి వారం పెడల్ మీద కాలు ఆనించాలంటేనే భయమేసింది.

అప్పుడు నాకు అర్థమైంది, నేను అడగాల్సిన ప్రశ్న వేరే అని. నీళ్ళు లోపలికి రాకుండా ఏది ఆపుతుంది అని కాదు, వచ్చిన నీళ్ళు ఎంత త్వరగా పోతాయి అని.

శాండల్స్‌తో మొదటి పెద్ద వాన పడినప్పుడు ఓ పది నిమిషాలు ఇబ్బందిగానే ఉంది. చల్లటి నీళ్ళు నేరుగా వేళ్ళ మీద పడుతుంటే మనసు ఒప్పుకోదు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. నీళ్ళు వచ్చిన దారినే పోతున్నాయి, కాలి కింద మడుగు కట్టడం లేదు, నడిస్తే పచపచమనే శబ్దం లేదు. వాన ఆగిన పావుగంటలో కదిలే గాలికే చర్మం ఆరింది. పట్టీలకు ఇంకో గంట పట్టింది. సాయంత్రం బురద కడిగి సంచికి తగిలిస్తే పొద్దుటికి పొడి. నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసినప్పుడు కూడా ఉదయం ఎన్నింటికి బయల్దేరినా నా పాదాలు పొడిగానే బయల్దేరాయి. తడవని మనిషికి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఆరో రోజో ఏడో రోజో టెంట్ జిప్ తీసి బయటికి చూస్తే మళ్ళీ మబ్బు కనబడినప్పుడు, ఇవాళ కూడా తొక్కుదాం అనే ఓపిక నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాళ్ళు తడిసేది ఆకాశం నుంచి పడే నీళ్ళ వల్లే అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అంతకంటే ఎక్కువ ముందు చక్రం విసిరే నీళ్ళే. అవి ఇసుక, నూనె కలిసిన మురికి నీళ్ళు, సరిగ్గా పాదాల ఎత్తుకే వస్తాయి. ముందు మడ్‌గార్డు చివర నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు దాకా వేలాడేలా ఒక రబ్బరు ముక్క తగిలించాను. ఆ తర్వాత వాన ఆగి రోడ్డు మాత్రమే తడిగా ఉన్నప్పుడు నా కాళ్ళు దాదాపు తడవడమే లేదు. కాళ్ళకేం వేసుకోవాలా అని తల పట్టుకునే ముందు ఆ రబ్బరు ముక్క సంగతి చూసుకుంటే సగం సమస్య తీరుతుంది.

ఇక ఈ చెప్పులతో నాకు జరిగిన ఒకే ఒక్క పెద్ద ప్రమాదం చెబుతాను. వీటి అడుగున రెండు బోల్టుల క్లీట్ బిగించుకోవచ్చు, అంటే పెడల్‌లో ఇరుక్కుని కాలిని పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. మడమ పక్కకి తిప్పితే అది ఊడి వస్తుంది. నా పెడల్‌కి ఒక వైపు ఆ క్లీట్‌ని పట్టుకునే క్లిప్, ఇంకో వైపు చదును. రెండో యాత్రలో పదకొండో రోజు, నాలుగు రోజులుగా వాన. ఉదయం నుంచే కుడి మడమ పెడల్ మీద మామూలు కంటే ఎక్కువ అటూ ఇటూ ఊగుతోంది. పట్టీ వదులైందేమో అనుకుని బిగించి, పట్టించుకోకుండా తొక్కాను. మధ్యాహ్నం ఒక సన్నటి వంతెన మీద ఎదురుగా లారీ వస్తుంటే ఆగాల్సి వచ్చింది. ఎడమ కాలు వెంటనే వచ్చింది. కుడి మడమ బయటికి తిప్పాను, తిరిగింది. ఇంకా తిప్పాను, చెప్పు పెడల్ మీద గిర్రున అడ్డంగా తిరిగింది కానీ ఊడి రాలేదు. క్లీట్ మాత్రం పెడల్‌లో కదలకుండా కూర్చుంది. రెండు బోల్టుల్లో ఒకటి ఎక్కడో రాలిపోయింది. మిగిలిన దాని చుట్టూ చెప్పు తిరుగుతోందే తప్ప, క్లీట్ తిరగడం లేదు. క్లీట్ తిరిగితేనే కదా పెడల్ వదిలేది. ఎడమ కాలి మీద మొత్తం సైకిలూ, 18 కిలోల సామానూ ఆపుకుంటూ, లారీ నా మోచేతికి జానెడు దూరంలో పోతుంటే వంతెన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఆ టెన్షన్‌లో చేతులు వణికాయి.

అప్పుడు వంగి రెండు వెల్క్రో పట్టీలు లాగితే కాలు సులువుగా బయటికి వచ్చేసింది. చెప్పు మాత్రం పెడల్‌కి వేలాడుతూ ఉండిపోయింది. లేసులు తడిసి ముడి బిగుసుకున్న షూ అయితే అక్కడ ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. సైకిల్ నడిపించుకుంటూ, ఒక కాలికి చెప్పు లేకుండా, వంతెన దాటి చెట్టు కింద ఆగాను. పెడల్ వెనకున్న స్ప్రింగ్ మర పూర్తిగా వదులు చేసి, స్క్రూడ్రైవర్‌తో దాని దవడ వెనక్కి నొక్కితే చెప్పు ఊడి వచ్చింది. అరగంట పట్టింది. రెండో బోల్టు కూడా వేలితో తిరిగేంత వదులుగా ఉంది. తప్పు నాదే. బిగించేటప్పుడు ఆ మరలకు గ్రీజు గానీ, మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు గానీ రాయలేదు. యాత్ర మొదలయ్యాక ఒక్కసారి కూడా చూసుకోలేదు. తడి కంకర మీద నడక, వాన, కుదుపులు, ఈ మూడూ కలిస్తే బోల్టు వదులవ్వడానికి పది రోజులు చాలు. ఇప్పుడు వాన యాత్రలో రెండు రోజులకోసారి సాయంత్రం 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో బోల్టులు తిప్పి చూస్తాను. రెండు బోల్టులు అదనంగా సంచిలో ఉంటాయి. మడమ కొత్తగా ఊగుతోందనిపిస్తే ఆ క్షణమే ఆగి చూడండి, నాలాగా మధ్యాహ్నం దాకా ఆగకండి.

నా దగ్గర అదనపు బోల్టు లేకపోవడంతో ఆ యాత్రలో మిగిలిన ఆరు రోజులూ రెండు క్లీట్లూ తీసేసి పెడల్ చదును వైపే తొక్కాను. నేను అనుకోనిది అక్కడే జరిగింది. మొదట్లో క్లీట్ ఉంటేనే ఎత్తులు ఎక్కగలనని నేను గట్టిగా నమ్మి, నలుగురికీ చెప్పాను కూడా. ఆరు రోజుల్లో రోజుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసుకున్న పుస్తకం చూస్తే పెద్ద తేడా లేదు. పైగా తడి రాళ్ళ మీద, పడవ దిగే చెక్కల మీద జారడం తగ్గింది. చదును వైపు బాగా తడిసినప్పుడు ఒకటి రెండు సార్లు కాలు జారి పిక్కకి దెబ్బ తగిలిన మాట నిజమే. అందుకే మూడో యాత్రకు పెడళ్ళే మార్చాను. రెండు వైపులా చిన్న మేకుల్లాంటి పిన్నులున్న చదును పెడళ్ళు పెట్టాను. ఈ చెప్పుల రబ్బరు సోల్ వాటిని బాగా పట్టుకుంటుంది. క్లీట్ గురించి ఇంతకుముందు నేను అన్నదంతా వెనక్కి తీసుకోను కానీ, రోజుకి 70, 80 కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కే నాలాంటి వాళ్ళకు అది లేకపోయినా జరిగిపోతుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

చలి సంగతి మాత్రం వేరు. ఇన్ని మెచ్చుకోళ్ళ తర్వాత ఇది చెప్పకపోతే తప్పవుతుంది. మూడో యాత్రలో ఒక కనుమ దాటి దిగుతుంటే 8 డిగ్రీలు, వాన, పైగా దిగుడు కాబట్టి గాలి. పల్చటి సాక్స్‌తో చెప్పుల్లో ఉన్న వేళ్ళు ఇరవై నిమిషాల్లో మొద్దుబారాయి. గాలి కంటే నీరు వేడిని 25 రెట్ల దాకా త్వరగా లాగేస్తుంది. దిగేటప్పుడు తొక్కుడు కూడా ఉండదు కాబట్టి ఒంట్లో కొత్త వేడి పెద్దగా పుట్టదు. కాళ్ళు తడిలో గంటల తరబడి ఉంటే గడ్డకట్టే చలి అక్కర్లేదు, 16 డిగ్రీల దగ్గర కూడా చర్మానికీ నరాలకూ దెబ్బ తగలవచ్చు. అందుకే నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఆగి, మందపాటి ఉన్ని సాక్స్ వేసుకుని, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు తొడిగి, పైన చెప్పులు వేసుకున్నాను. పాదాలు తడిగానే ఉన్నాయి కానీ వెచ్చబడ్డాయి. ఆ సాక్స్‌ది మెరినో గొర్రెల ఉన్ని. అది తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి అంత తడిగా తెలియదు, ఆ గుణం ఆ రోజు నన్ను కాపాడింది. అదే యాత్రకు వాటర్‌ప్రూఫ్ సాక్స్ కూడా తీసుకెళ్ళాను. రెండు గంటలు బాగానే ఉన్నాయి. తర్వాత షూ కథే వాటిదీ, పైనుంచి నీళ్ళు దిగి లోపల నిలిచాయి. రాత్రి తిరగేసి ఆరబెట్టినా పూర్తిగా ఆరలేదు.

ఇంకో బాధ ఇసుక. పట్టీ కింద చేరిన ఒక్క రేణువు, నానిన చర్మం మీద గంటసేపు రాసుకుంటే పుండే. మొదటి యాత్రలో చీలమండ కింద అలా పడిన పుండు మానడానికి యాత్ర అయిపోవాల్సి వచ్చింది. ఇప్పుడు గరగరమనిపిస్తే ఆగి సీసాలో నీళ్ళతో కడిగేస్తాను. వేళ్ళ ముందు రబ్బరు కప్పు ఉన్న రకమే తీసుకున్నందుకు మాత్రం చాలాసార్లు సంతోషించాను. రాళ్ళ దారిలో సైకిల్ నెట్టుకెళ్ళేటప్పుడు అది లేకపోతే గోళ్ళు మిగిలేవి కావు. రాత్రి కోసం ఒక జత ఉన్ని సాక్స్ టెంట్ నుంచి బయటికి రానివ్వను. పాదాలు తుడిచి, వేళ్ళ సందులు పూర్తిగా ఆరాక అవి వేసుకుని పడుకుంటాను. చెప్పులు ఎంత మంచివైనా, ఆ ఏడెనిమిది గంటల పొడి లేకపోతే చర్మం తట్టుకోదు.

నా పాదాలు వెడల్పు. షూస్‌లో ఎప్పుడూ చిటికెన వేలు నలిగేది. నేను వెళ్ళే దారుల్లో వాన ఎక్కువ, చలి తక్కువ. తొందర లేకుండా తొక్కుతాను, ఆగాలనిపిస్తే ఆగుతాను. ఈ మూడిట్లో ఏది మీకు వేరైనా నా మాట అంతే తగ్గించి తీసుకోండి. పది డిగ్రీల లోపు వానలో రోజులు గడపాల్సిన వాళ్ళకు ఇవి ఒక్కటే సరిపోతాయని నేను చెప్పలేను. వాళ్ళు మందపాటి షూ మీద నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు తొడుగు వేసుకోవడమే మేలు కావచ్చు.

మూడేళ్ళకు సోల్ ముందు భాగం పిన్నులకు గీసుకుపోయింది, ఎడమ చెప్పు మడమ పట్టీ కుట్టు రెండు చోట్ల ఊడింది. దాన్ని నిన్ననే నైలాన్ దారంతో కుట్టాను. వచ్చే నెల నాలుగో యాత్రకు కూడా ఇవే వేసుకెళ్తున్నాను. ఈసారి దారిలో కనుమలు లేవు.