సిమ్యులేటరా, నిజం గుండ్లా?

ఫిరంగి దళంలో చేరినవాళ్లకు శిక్షణ రెండు చోట్ల జరుగుతుంది: గదిలో సిమ్యులేటర్ మీద, బయట ఫైరింగ్ రేంజ్‌లో.

లక్ష్యాన్ని చూసి చెప్పే అబ్జర్వర్‌కు సిమ్యులేటరే మేలంటాను. గుండు ఎక్కడ పడిందో చూసి "ఎడమకి 200, ముందుకి 100" అని మీటర్లలో సరిదిద్దడం అతని పని. తెర మీద అదే లక్ష్యాన్ని రోజంతా ఎన్నిసార్లయినా కొట్టించవచ్చు, తప్పినా పోయేదేం లేదు. నిజం గుండ్లేమో ఖరీదు, పైగా వాతావరణం అనుకూలించాలి. కోణం లెక్క ఎంత సున్నితమో చూడండి: నాటో పద్ధతిలో వృత్తాన్ని మిల్స్ అనే 6400 చిన్న కోణాలుగా విభజిస్తారు. ఒక్క మిల్ తేడా వస్తే, 10 కిలోమీటర్ల దూరంలో గుండు సుమారు 10 మీటర్లు పక్కకు పోతుంది.

ఫిరంగి దగ్గర పనిచేసే జట్టు సంగతి వేరు. 155 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండు 40 కిలోల పైమాటే. దాన్ని ఎత్తి, గొట్టంలోకి నెట్టి, వెనకాల మందు పెట్టి, పేల్చి, ఆ చప్పుడుకు బెదరకుండా మళ్లీ మొదలుపెట్టాలి. (చెవులకు రక్షణ మరిచినవాడు రెండోసారి మరవడు.) ఆ టెన్షన్ ఏ తెర మీదా రాదు. అలాగని తిన్నగా రేంజ్‌కి తీసుకెళ్లరు. చేతులు వాటంతటవే కదిలేదాకా డమ్మీ గుండ్లతోనే సాధన చేయిస్తారు.