ఎండాకాలంలో చిన్నపిల్లలతో: చంద్రగిరి కోటా, గుడిమల్లమా, కాళహస్తా?

మే నెల వచ్చిందంటే తిరుపతిలో మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. కొండ మీద దర్శనం అయిపోయింది, రైలు రాత్రికి, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంది, పిల్లలకి పాతకాలం నాటిది ఏదైనా చూపిద్దామనుకుంటున్నాం, చంద్రగిరి కోటకి వెళ్లమంటావా, కాళహస్తికి వెళ్లమంటావా అని. ఈ ఏడు ఇప్పటికే నలుగురు అడిగారు. పాత శివుడి గుడి ఉన్న గుడిమల్లం పేరు మాత్రం ఎవరూ ఎత్తరు, ప్రతిసారీ నేనే ఎత్తాలి. ఫోన్‌లో అందరికీ విడివిడిగా చెప్పిన మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. పదేళ్లు దాటిన పిల్లలుంటే మీకు ఈ గొడవ లేదు, ఎక్కడికైనా వెళ్లండి. నేను రాసేది ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలున్న వాళ్ల కోసం.

టోపీ, నీళ్ల సీసా, గొడుగు సంగతి అందరికీ తెలుసు. చాలామంది చూసుకోనిది నేల. నేనూ ఒకసారి దెబ్బ తిన్నాకే చూసుకోవడం మొదలుపెట్టాను.

రెండేళ్ల కిందట ఏప్రిల్ చివర్లో పిల్లల్ని తీసుకుని ఒక పాత గుడికి వెళ్లాం. మా పాపకి అప్పటికి మూడేళ్లు. టైము పదకొండు దాటింది. చెప్పులు బయట వదిలి లోపలికి నడిచాం. ప్రదక్షిణ దారి పొడవునా కొబ్బరి పీచు పట్టాలు పరిచి ఉన్నాయి కానీ, మలుపు దగ్గర ఒక పట్టా పక్కకి జరిగిపోయి ఆరేడు అడుగుల మేర బండ ఖాళీగా ఉంది. పెద్దవాళ్లం గబగబా దాటేశాం. పాప సగంలో ఆగిపోయింది. వెంటనే ఏడవను కూడా లేదు. ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టింది, మళ్లీ మార్చింది, నా వైపు చూసి "అమ్మా, కాలు" అంది. ఎత్తుకుని చూస్తే రెండు అరికాళ్లూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రాత్రికి బొటనవేలి కింద పొక్కు లేచింది. (ఇలా కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఐసు పెట్టకూడదు, పేస్టు పూయకూడదు.)

అరికాళ్లు ఒక్కటే కాదు. మన ముఖం నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉంటుంది, మూడేళ్ల పాప ముఖం మూడడుగుల లోపే. బండలోంచి లేచే సెగ మనకి మోకాళ్ల దగ్గర తగిలితే వాళ్లకి పొట్టకీ ముఖానికీ తగులుతుంది. పైగా పిల్లలకి పెద్దవాళ్లంత చెమట పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. అదే చోట, అదే నిమిషంలో మనం ఓర్చుకునే ఎండ వేరు, వాళ్ల మీద పడే ఎండ వేరు.

ఇంకొక సంగతి. రాయి పగలంతా వేడిని తాగి, పొద్దు వాలాక మెల్లగా వదులుతుంది. అందుకే "సాయంత్రం చల్లబడ్డాక వెళ్దాం" అనేది రాతి కట్టడాల విషయంలో పొరపాటు. ఐదింటికి గాలి కాస్త నయంగా ఉన్నా బండ ఇంకా కాలుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం రాత్రంతా చల్లారిన రాయి చల్లగా ఉంటుంది. మా తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి రోజున కూడా ఆరున్నరకి గుడి అరుగు మీద కూర్చుంటే హాయిగా ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో చోటు సంగతి.

చంద్రగిరికి ఉన్న పెద్ద సుఖం చెప్పులు విప్పక్కర్లేకపోవడం. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, అరగంటలో వెళ్లిపోవచ్చు. కోటలోని రాజమహల్ ముందు గడ్డి ఉంది, చెట్లున్నాయి, పిల్లలు పరిగెత్తడానికి చోటుంది. మూడంతస్తుల రాజమహల్‌ని చెక్క దూలాలు లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి లోపలికి అడుగుపెట్టగానే వేడి తగ్గినట్టు తెలుస్తుంది. మా వాడు ఎనిమిదేళ్ల వాడు, మహల్ లోపల శిల్పాల కంటే గోడ మందం కొలవడం మీదే పడ్డాడు. చెయ్యి చాపి, అది చాలక నన్ను కూడా చాపమన్నాడు. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత విజయనగర రాజులు రాజధానిని ముందు పెనుకొండకి, ఆ తర్వాత ఇక్కడికి మార్చుకున్నారని, 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో చోటు దక్కిన కథలో కూడా ఈ ఊరి పేరు వస్తుందని చెప్తే, "అయితే చెన్నై కంటే మన చంద్రగిరి పెద్దదా?" అన్నాడు. ఆ కాలానికి అవును అన్నాను.

చిక్కు ఎక్కడంటే, చంద్రగిరిలో చూడాల్సింది మహల్‌లోని మ్యూజియం, అది పొద్దున్నే తెరవరు. తెరిచే వేళకి ఎండ ముదిరిపోతుంది. శుక్రవారం సెలవు కూడా. కొండ మీది కోట గోడల వైపు వేసవిలో పిల్లల్ని ఎక్కించే ఆలోచనే వద్దు, దారిలో నీడ లేదు. సాయంత్రం పూట వెళ్తే గడ్డి మీద కూర్చోండి. బండల మీద, మెట్ల మీద కూర్చోబెట్టకండి.

గుడిమల్లం సంగతి వేరు. రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళ్లాలి, ముప్పావు గంట పైనే పడుతుంది. చిన్న ఊరు, చిన్న గుడి. అదే దాని బలం. చెప్పులు విప్పాల్సిందే, కానీ గేటు నుంచి మండపం నీడలోకి మా పాప అడుగులతో కూడా ఒక్క నిమిషం పట్టదు. అక్కడి నుంచి గర్భగుడి దాకా పైన కప్పే. జనం ఉండరు, కాబట్టి క్యూలో నిలబడి ఉక్కపోతకి పిల్లలు వాడిపోవడం ఉండదు. మొత్తం చూసి రావడానికి అరగంట, నలభై నిమిషాలు చాలు. పిల్లల ఓపిక కూడా అంతే కదా.

ఇక చూసేది ఏమిటంటే, మన దేశంలో ఇప్పటికీ పూజలందుకుంటున్న లింగాల్లో అతి పాతవాటిలో ఒకటి. క్రీస్తు పూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది చరిత్రకారులు అంటారు, ఇంకొంత తర్వాతిదనే వాళ్లూ ఉన్నారు. ఎలా చూసినా చంద్రగిరి కోట దాని ముందు నిన్న మొన్నటిది. గర్భగుడి నేల మిగతా గుడి కంటే లోతుగా ఉంటుంది, వెనక గోడ ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది. ఐదడుగుల లింగం ముందు భాగంలో శివుడు నిలబడి ఉంటాడు, కాళ్ల కింద ఒక మరుగుజ్జు. కుడి చేత్తో పొట్టేలుని వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు, ఎడమ చేతిలో చిన్న చెంబు, భుజం మీద గొడ్డలి.

పూజారిగారు హారతి పైకెత్తి చూపించినప్పుడు మా పాప నా చంకలోంచి ముందుకి వంగి, "మేక ఎందుకు తలకిందులుగా ఉంది?" అని గట్టిగా అడిగేసింది. ఆయన నవ్వి, హారతి ఇంకాస్త కిందికి దించి ఆ పొట్టేలు తల, కొమ్ము, చెవి ఒక్కొక్కటే చూపించారు. గుడి ఖాళీగా ఉంది కాబట్టి ఆయనకి తీరిక దొరికింది. అంత తీరిగ్గా, అంత దగ్గరగా, అంత పాత వస్తువుని నాలుగేళ్ల పిల్లకి చూపించగలిగే చోటు మా చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అలంకారం ఉన్నప్పుడు శిల్పం సగం బట్టల్లో దాగిపోతుంది, అభిషేకం వేళకి వెళ్లగలిగితే అదృష్టమే. దానికీ పొద్దున్నే వెళ్లడమే మార్గం.

లోటు కూడా చెప్పాలి. గుడి పక్కన హోటళ్లు, దుకాణాలు ఉంటాయనుకోకండి. తినడానికి, తాగడానికి ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. నేను మజ్జిగ, ఉప్పేసిన రాగి అంబలి తీసుకెళ్తాను. ఓఆర్‌ఎస్ పొడి దగ్గర పెట్టుకుంటే ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి. అర సీసాలో సగం ప్యాకెట్ అని కళ్లతో చూసి వేసే లెక్క వద్దు. ఆరు నెలల లోపు పసిబిడ్డ ఉంటే నీళ్లు పట్టకూడదు, తల్లిపాలే మాటిమాటికీ ఇవ్వాలి. తిరుగుదారిలో పాపానాయుడుపేట వస్తుంది, గాజు పూసలకి పేరున్న ఊరు. మా పాపకి శివుడితో పాటు ఆ పూసలూ గుర్తున్నాయి.

కాళహస్తి గొప్పతనం గురించి నేను చెప్పేదేముంది. సాలెపురుగు, పాము, ఏనుగు కథ, కన్నప్ప కథ పిల్లలకి ఎంతో ఇష్టం. లోపల పొడవాటి రాతి మండపాలు, నీడకి కొదవ లేదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన పెద్ద గాలిగోపురం 2010 మేలో కూలిపోయి, ఆ తర్వాత మళ్లీ లేచిన సంగతి ఎనిమిదేళ్ల వాడికి చెప్తే నోరు తెరిచి వింటాడు. కానీ వేసవి సెలవుల్లో జనం విపరీతం. రాహుకాలం వేళ రాహుకేతు పూజలకి వచ్చేవాళ్లతో ఇంకా కిక్కిరిసిపోతుంది. నీడ ఉన్నా గాలాడదు, మధ్యలో పిల్లకి తేడా చేస్తే క్యూలోంచి బయటికి రావడం పెద్ద టెన్షన్. మొక్కు ఉంటే తప్పదు, తెల్లవారుజామునే వెళ్లండి. చరిత్ర చూపించడానికే అయితే కార్తీకంలో కాకుండా ఏ మామూలు చలికాలం రోజునో రండి.

శ్రీనివాస మంగాపురం గుడి చంద్రగిరి వెళ్తూ పొద్దున్నే చూసేయచ్చు. తిరుమలలో శిలాతోరణం చల్లగానే ఉంటుంది కానీ అది ప్రకృతి చెక్కిన రాయి, పిల్లలకి ఫోటో తప్ప ఏమీ అనిపించదు. నాగలాపురం గుడి చాలా బాగుంటుంది, ఎండలో అంత దూరం కారులో పిల్లలు తట్టుకోరు.

వయసు లెక్కన చెప్పమంటే, ఆరేళ్లు దాటిన వాళ్లు మాత్రమే ఉంటే చంద్రగిరికి వెళ్లండి, బాధపడరు. ఆ లోపు ఒక్కరున్నా గుడిమల్లమే. ఎక్కడికెళ్లినా పిల్ల ఆట మానేసి మందంగా కూర్చుందంటే, మూడు నాలుగు గంటలుగా ఒంటికి వెళ్లలేదంటే ఇంక చూడాల్సింది ఎంత మిగిలున్నా వదిలేసి నీడకి తీసుకెళ్లండి. ఎండలో నిలిపిన కారులో ఎక్కించే ముందు తలుపులన్నీ తెరిచి, సీటు చేత్తో తాకి చూడండి. ఐదు నిమిషాలకైనా పిల్లల్ని అందులో ఒంటరిగా వదలకండి.

మా పిన్ని కూతురు వచ్చే ఆదివారం దిగుతోంది. పిల్లలకి మూడు, ఏడు. చంద్రగిరి అని పట్టుబట్టింది. పెద్దాడిని సాయంత్రం కోట దగ్గర గడ్డి మీదికి తీసుకెళ్దాం, పొద్దున ఐదున్నరకి మాత్రం అందరం గుడిమల్లం బయల్దేరుదాం అని చెప్పాను. అంబలి నేనే కాస్తాను.