80 మి.మీ. త్రీ జా చక్: తిట్టుకునే ముందు ఒకసారి కడగండి

చిన్న లేత్‌తో (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) పాటు వచ్చే 80 మి.మీ. త్రీ జా చక్‌కి, అంటే ముక్కను మూడు దవడలతో (జాలతో) పట్టుకునే బిగింపుకి, మంచి పేరు లేదు. లేత్ కొన్నవాళ్లు చాలామంది అన్నిటికంటే ముందు మార్చే సామాను అదే. నేను మార్చలేదు. బొమ్మ ఆవిరి ఇంజన్లకు పిస్టన్లు, ఫ్లైవీళ్లు, ఇత్తడి బుష్‌లు ఇప్పటికీ దాని మీదే తిప్పుతున్నాను. సరుకు పర్వాలేదు. పెట్టెలోంచి తీసి నేరుగా బిగించి పని మొదలుపెడితేనే గొడవ.

నాది 7 అంగుళాల తరగతి (దాదాపు అంత వ్యాసం ముక్క వరకు తిప్పగల) మినీ లేత్. దాని చక్‌ను కె11-80 రకం అంటారు. లోపల స్క్రోల్ (చుట్టలా తిరిగిన మర ఉన్న పళ్లెం), పక్కన మూడు కీ రంధ్రాలు, మూడు జాలూ ఒకేసారి కదులుతాయి. బరువు రెండు కిలోలకు అటూ ఇటూ. జాలు రెండు సెట్లు ఇచ్చారు. మామూలువి ఒకటి, పెద్ద వ్యాసం ఉన్న ముక్కలను పట్టుకోవడానికి మెట్లు తిరగేసి ఉన్నవి ఇంకొకటి.

విప్పగానే ఒళ్లంతా ఎర్రటి జిగట. తుప్పు పట్టకుండా పూసింది కదా, తుడిచేస్తే పోతుందిలే అనుకుంటాం. అసలు సంగతి లోపల ఉంటుంది. కీ తిప్పుతుంటే ఒకచోట బిర్రుగా, ఇంకోచోట వదులుగా తగిలింది. వెనక మూత మరలు తీసి స్క్రోల్‌నీ, మూడు చిన్న పినియన్లనీ (కీతో తిరిగి స్క్రోల్‌ను తిప్పే పళ్ల చక్రాలు) బయటికి లాగి కిరసనాయిల్లో వేశాను. బ్రష్‌తో రుద్దేసరికి గిన్నె అడుగున ఇనుప రజను, గరుకు మడ్డి పేరుకున్నాయి. ఫ్యాక్టరీలో కోత అయ్యాక సరిగ్గా కడగలేదన్నమాట. స్క్రోల్ మర మొదలయ్యే అంచున చిన్న బర్ (కోతలో మిగిలిన పదునైన అంచు) కూడా ఉంది, వేలికి గుచ్చుకునేంత. ఆయిల్ స్టోన్ రెండుసార్లు ఆడిస్తే పోయింది. ఇంత చిన్నదానికే జా గాడిలో అడ్డం పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఏ పినియన్ ఏ రంధ్రంలోంచి వచ్చిందో అందులోకే వెళ్లాలి, అందుకే విప్పే ముందే మార్కర్‌తో గుర్తులు పెట్టుకోవాలి. జాల మీద 1, 2, 3 అంకెలుంటాయి, గాడుల దగ్గరా ఉంటాయి. స్క్రోల్ మర కొస 1వ గాడిలో కనిపించగానే కీని కొంచెం వెనక్కి తిప్పి, జాను లోపలికి నొక్కి పట్టుకుని, మళ్లీ ముందుకు తిప్పాలి. తర్వాత 2, తర్వాత 3. మూడూ మధ్యలో ఒకచోట కలిశాయా లేదా అన్నదే పరీక్ష. ఒకటి వెనకబడితే వరుస తప్పినట్టే, బలవంతం చేయకుండా మూడూ బయటికి తీసి మళ్లీ ఎక్కించాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఎంత కొట్టుకుంటుంది, అంటే తిరిగేటప్పుడు ముక్క ఎంత అటూ ఇటూ ఊగుతుంది? 12 మి.మీ. గ్రౌండ్ డోవెల్ పిన్ (కచ్చితమైన కొలతకు సాన పట్టిన ఉక్కు కడ్డీ) పట్టించి, జాల పక్కనే డయల్ (ఊగును కొలిచే ముల్లు గడియారం) పెట్టి చేత్తో తిప్పి చూశాను. పెట్టెలోంచి వచ్చినప్పుడు 0.11 మి.మీ. చూపించింది. లోపలంతా కడిగాక 0.08. స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) ఫ్లాంజ్ (చక్ బిగించే పళ్లెం) మొహాన్నీ, చక్ వెనక 55 మి.మీ. గుంటనీ శుభ్రంగా తుడిచి, ఆ గుంట మూల ఇరుక్కున్న ఒక్క చిప్ తీసేశాక 0.06కి దిగింది. ఫ్లాంజ్‌కీ చక్‌కీ మధ్య వెంట్రుకంత రజను ఇరుక్కున్నా చక్ మొత్తం ఒక పక్కకు వాలుతుంది, ఆ వాలు పిన్ చివరికి వెళ్లేసరికి ఇంకా పెద్దదవుతుంది. అందుకే డయల్‌ను జాల దగ్గర ఒకసారి, బయటికి పొడుచుకొచ్చిన చివర ఒకసారి పెట్టి చూడాలి. రెండు చోట్లా అదే అంకె వస్తే పిన్ కేంద్రం నుంచి పక్కకు జరిగిందని అర్థం. చివర్లో పెరిగితే మురికైనా కారణం, జాల మూతి అరిగి వెడల్పయినా కారణం.

ఇంకో కిటుకు ఉంది, దీనికి పైసా ఖర్చు లేదు. మూడు కీ రంధ్రాల్లో ఒక్కోదాంతో బిగించి డయల్ చూడండి. నా చక్‌లో ఒకదాంతో 0.05, పక్కదాంతో 0.08 వచ్చింది. మంచి రంధ్రం పక్కన పంచ్‌తో చిన్న చుక్క కొట్టాను, ఆఖరి బిగింపు ఎప్పుడూ దాంతోనే. అలాగే చక్‌ను ఫ్లాంజ్ మీద మూడు స్థానాల్లో బిగించొచ్చు. మూడూ చూసి, తక్కువ కొట్టుకునేది ఎంచుకుని, రెండింటి మీదా ఎదురెదురుగా గీత గీశాను.

ఈ తరగతి చక్‌కి 0.05 అంటే నేను ఫిర్యాదు చేయను. ఫేసింగ్ (చివర మొహం కోయడం), టర్నింగ్ (చుట్టూ కోయడం), డ్రిల్లింగ్, బోరింగ్ (రంధ్రాన్ని వెడల్పు చేయడం) ఒకే పట్టులో ముగిస్తే చక్ ఎంత పక్కకున్నా కోసినవన్నీ స్పిండిల్ అక్షం మీదే ఉంటాయి. బుష్‌ని ఒకే పట్టులో చేసి చివర్లో పార్టింగ్ టూల్‌తో తెంపేస్తే ఆ 0.05 పనిలో ఎక్కడా కనిపించదు. ముక్కను తీసి తిప్పి పట్టాల్సి వచ్చినప్పుడే బండారం బయటపడుతుంది.

నాకు నిజంగా నచ్చనివి రెండు. మొదటిది బిగింపు. చక్ వెనక నుంచి మూడు ఎం6 స్టడ్లు (6 మి.మీ. మర కడ్డీలు) ఫ్లాంజ్‌లోంచి బయటికొస్తాయి, నట్లు హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) వైపు నుంచి తిప్పాలి. అక్కడ వేలు దూరదు. నట్టు మరకెక్కేలోపు చేజారి చిప్ ట్రేలో పడుతుంది, ఏ రజను కుప్పలో ఉందో వెతుక్కోవాలి. జా సెట్ మార్చడానికి చక్ ఊడదీయనక్కర్లేదు కాబట్టి సరిపోయింది కానీ, ఫోర్ జా (నాలుగు జాల చక్) ఎక్కించాలన్న ప్రతిసారీ ఈ తంతు తప్పదు. ఊడదీసేటప్పుడు బెడ్ (చక్ కింద ఉండే లేత్ పట్టాలు) మీద అడ్డంగా ఒక చెక్క పలక పెట్టండి. చక్ జారి పడితే సొట్ట పడేది బెడ్‌కే.

రెండోది మధ్య రంధ్రం. లేత్ స్పిండిల్‌కి 20 మి.మీ. రంధ్రం ఉంది, చక్‌కి 16 మాత్రమే. 18 మి.మీ. రాడ్డు స్పిండిల్‌లో దూరుతుంది, చక్ దగ్గర ఆగిపోతుంది. పొడుగు రాడ్డు ముక్కలు చేసుకునేవాళ్లకు ఇది పెద్ద చిరాకు. 100 మి.మీ. చక్‌కి రంధ్రం 22, దానికి ఈ బాధ లేదు. అయితే దాని వెనక గుంట 72 మి.మీ. కాబట్టి అడాప్టర్ ప్లేట్ కావాలి. బరువూ పెరుగుతుంది, జాలు ఇంకొంచెం ముందుకు జరుగుతాయి. చిన్న మోటారు మీద ఆ బరువు తిప్పడం నాకు ఇష్టం లేదు, కాబట్టి 18 మి.మీ. రాడ్డును రంపంతోనే కోసుకుంటున్నాను.

పట్టు గురించి కూడా చెప్పాలి. పలచటి గొట్టాన్ని మూడు జాల మధ్య గట్టిగా బిగించి బోరు కొడితే, చక్‌లో ఉన్నంతసేపూ బోరు గుండ్రంగానే ఉంటుంది. జాలు వదలగానే గొట్టం తన పాత ఆకారానికి వెళ్తుంది, బోరు మూడు మూలలదైపోతుంది. పిస్టన్ పెట్టి చూస్తే ఒకచోట పట్టేస్తుంది, తిప్పితే వదులవుతుంది. దీనికి మందు మెల్లగా బిగించి సన్నగా కోయడం, లేదా ఒక పక్క చీల్చిన రింగు తొడిగి దాని మీద బిగించడం. ఇత్తడి, అల్యూమినియం మీద జాల గాట్లు పడకుండా పలచటి రాగి రేకు వేస్తాను. షట్కోణపు రాడ్డును త్రీ జా చక్కగా పడుతుంది, చతురస్రాన్ని పట్టదు. గరుకు పోతముక్కనో, జా కొసకు తగిలేంత పొట్టి ముక్కనో ఇందులో బిగించి కీకి పైపు తొడిగి తిప్పితే జాల మూతి తెరుచుకుంటుంది. అలా పాడైన చక్‌ను ఏ కడుగుడూ బాగుచేయదు.

రోజూ చేసే మెయింటెనెన్స్ పెద్ద పనేం కాదు. పని అయ్యాక బ్రష్, తర్వాత గుడ్డ. మోటారు ఆపాకే గుడ్డ, ఇందులో వెసులుబాటు లేదు. ఎయిర్ గన్ మాత్రం వద్దు, బయట ఉన్న రజనును అది స్క్రోల్‌లోకి తోస్తుంది. స్క్రోల్‌కి చిక్కటి గ్రీజు కూడా వద్దు, చిప్స్ అన్నీ దానికే అంటుకుంటాయి. పలచటి నూనె రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే తిరిగేటప్పుడు చొక్కా మీదికి చిమ్ముతుంది. క్యాస్ట్ ఐరన్ కోసిన రోజు, ఎమరీ పేపర్ వాడిన రోజు జాలు ఊడదీసి గాడులు కూడా తుడుస్తాను. ఎమరీ పొడి నూనెలో కలిస్తే స్క్రోల్‌ను నెమ్మదిగా అరగదీసే ముద్ద తయారవుతుంది.

మార్చాలనుకునేవాళ్లకు నా సలహా: అదే డబ్బుతో ఇంకో ఖరీదైన త్రీ జా కొనకండి. జాలు విడివిడిగా కదిలే ఫోర్ జా కొనండి. మొదట్లో ముక్కను సెంటర్ చేయడానికి ఓపిక కావాలి, ఎదురెదురు జాలను ఒకటి వదులుతూ ఒకటి బిగిస్తూ డయల్ చూస్తూ పోవాలి. అలవాటయ్యాక 0.02లోకి తేవడం కష్టం కాదు. తిప్పి పట్టే పనులకు అది, మిగతా అన్నిటికీ ఇది.

నేను బయటపడేసింది కీ ఒక్కటే. దాని చతురస్రం మూలలు త్వరగానే గుండ్రబడ్డాయి, మెత్తటి ఇనుము. కొత్తది నేనే చేసుకున్నాను, కొసన స్ప్రింగు పెట్టి. చేయి తీయగానే చక్‌లోంచి తనే ఎగిరి బయటికొస్తుంది. కీ చక్‌లో ఉండగా స్విచ్ వేసే ప్రమాదం ఉండదు. ఇలాంటి కీ పెట్టెలోనే ఇచ్చి ఉంటే ఐదుకు నాలుగు ఇచ్చేవాణ్ని. ఇవ్వలేదు కాబట్టి మూడున్నర.