పడమటి గదిలో లేచిన ఫ్లోరింగ్: ఎస్‌పీసీ వినైల్ ప్లాంకులు వాడాక

బెజవాడ ఎండలకి వినైల్ ఫ్లోరింగ్ నిలుస్తుందా అని మా పటమట ఫ్లాట్‌కి వచ్చినవాళ్లంతా అడుగుతుంటారు. కదలడానికి కాస్త చోటిస్తే నిలుస్తుంది. కొన్ని వేసవులు దాని మీద నడిచాక చెబుతున్న మాట ఇది.

మేం వేయించింది ఎస్‌పీసీ రకం. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి తీసే గట్టి ప్లాంకులు. పాత టైల్స్ మీదే, జిగురు లేకుండా, ఒకదాని అంచు ఇంకోదానిలో క్లిక్ చేసి పరిచారు. హాలు, మిగతా బెడ్‌రూములు ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి. గొడవంతా పడమటి గదిలోనే.

ఆ గదికి బాల్కనీ వైపు గోడంతా స్లైడింగ్ అద్దాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అలాంటి ఎండలో ఒక మధ్యాహ్నం అద్దాల పక్కన రెండు ప్లాంకుల అతుకు ఎద్దు మూపురంలా పైకి లేచింది. కాలు వేస్తే దిగేది, తీస్తే లేచేది. అమ్మిన షాపులో అడిగితే "నీళ్లు పోసి కడిగుంటారండీ" అనేశారు. ఇది నీళ్ల పని కాదు. నీటికి ఉబ్బేది లామినేట్, దాని లోపల ఉండేది చెక్క పీచు కాబట్టి. ఎస్‌పీసీ నీళ్లు పీల్చదు గానీ, అందులో పీవీసీ ఉంది కనుక వేడికి సాగుతుంది. పక్కకి జరిగే చోటు లేకపోతే పైకి లేస్తుంది.

ఇంకో ఫిట్టర్‌ని పిలిచి స్కర్టింగ్ ఊడదీయిస్తే సంగతి బయటపడింది. గోడల వెంట 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీని కప్పడానికే స్కర్టింగ్. మా గదిలో ఒక పక్క ప్లాంకులు గోడకి తన్ని ఉన్నాయి, ఇంకో పక్క ఖాళీ నిండా పుట్టీ, సిమెంటు పెళ్లలు. అన్నిటికంటే విడ్డూరం, తలుపు మాగ్నెట్ స్టాపర్ స్క్రూని ప్లాంకు గుండా కింద టైల్‌లోకి దించేశారు. అన్ని వైపులా కట్టేసి, లేచిందేమిటంటే ఎలా?

స్టాపర్‌ని గోడకి మార్చాం. అంచులు కోయించి ఖాళీ ఇప్పించాం. హాలు నుంచి గదిలోకి ఏకంగా సాగిన ఫ్లోర్‌ని గుమ్మం దగ్గర విడదీసి, ఆ సందుని కప్పే టీ ఆకారపు పట్టీ (టీ ప్రొఫైల్) పెట్టించాం. దాన్ని ప్లాంకుకి కాదు, మధ్య ఖాళీలోంచి కింది నేలకి బిగించాలి. త్వరలోనే మూపురం దిగిపోయింది. అంచున క్లిక్ అయ్యే లాక్ విరిగిన ప్లాంకులు మాత్రం మార్చక తప్పలేదు. మిగిలిన పెట్టె అటక మీద ఉండబట్టి సరిపోయింది, ఆ డిజైన్ ఇప్పుడు షాపుల్లో దొరకడం లేదు. అద్దాలకి మందపాటి కర్టెన్లు కూడా వేశాం. ఫ్లోర్ మళ్లీ లేవలేదు, గది మాత్రం చీకటైంది.

బీరువా ఒక గోడ పక్కన ఉంటే ఫర్వాలేదు. ఎదురెదురు గోడలకి బరువులు పెడితే మధ్యలో ఫ్లోర్ బిగుసుకుంటుంది. మాడ్యులర్ వార్డ్‌రోబ్, కిచెన్ కేబినెట్లు ముందు బిగించుకుని, ప్లాంకులు వాటి దాకా మాత్రమే పరిపించాలి. వాటి కిందా పరిచి పైనుంచి స్క్రూలు దించితే మళ్లీ స్టాపర్ కథే.

మెత్తగా ఉంటుందని అడుగున ఇంకో ఫోమ్ వేయమంటారు, వినకండి. మా ప్లాంకులకి అడుగున ప్యాడ్ ముందే అంటించి ఉంది. దాని కింద మరో పొర వేస్తే నడిచినప్పుడల్లా అతుకు ఊగి లాక్ విరుగుతుంది. నేల మీద 2 మీటర్ల తిన్నని పట్టీ పెట్టి చూస్తే ఎత్తుపల్లాలు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టెల్ని డాబా మీద ఎండలో పడేయకుండా, పరిచే గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి.

నాకు నచ్చనిది ఒకటుంది. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ కింద పసుపు రంగు మచ్చ పడింది, ఎంత తుడిచినా పోలేదు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో వేయించేవాళ్లు ముందు ఒక ప్లాస్టిక్ షీట్‌ని నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. అడుగున చెమట పట్టిందంటే ఆ నెమ్ము సంగతి తేలేదాకా ప్లాంకులకి ఆర్డర్ ఇవ్వొద్దు.