బేర్‌ఫుట్ వాటర్ స్కీయింగ్: స్లాలొమ్, ట్రిక్స్, జంప్... ముందు ఏది మేలు?

స్కీలు లేకుండా ఉత్త పాదాల మీద నీళ్లపై దూసుకుపోయే ఈ ఆట 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టింది. తొలి ప్రపంచ పోటీలు 1978లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో జరిగాయి. పోటీలో ప్రధానంగా మూడు అంశాలు: వేక్ స్లాలొమ్, ట్రిక్స్, జంప్. బోటు వెనక నిలకడగా నిలబడటం వచ్చిన కొత్తవాళ్ల కళ్లన్నీ జంప్ మీదే ఉంటాయి. నన్నడిగితే ముందు స్లాలొమ్ పట్టుకోండి అంటాను.

స్లాలొమ్‌లో 15 సెకన్ల చొప్పున రెండు పాస్‌లు ఉంటాయి. ఆ సమయంలో బోటు వెనక లేచే అలను అటూ ఇటూ ఎన్నిసార్లు దాటారన్నదే లెక్క. రెండు కాళ్ల మీద దాటితే అర పాయింటు, ఒంటికాలి మీద దాటితే ఒక పాయింటు. అంటే ఒంటికాలు రాకపోతే ఎంత వేగంగా దాటినా సగమే దక్కుతుంది. అసలు పనితనమంతా ఆ అల అంచు దగ్గరే ఉంది. మోకాలు బిగుసుకుంటే పాదం ఎగిరిపోతుంది, కాస్త వంచి ఉంచితే అల కింద నుంచి జారిపోతుంది. కాలివేళ్లు మాత్రం ఎప్పుడూ పైకే ఉండాలి. అవి కిందికి వాలాయా, నీళ్లు పట్టేసి మనిషిని ముఖం మీద పడేస్తాయి. 70 కిలోల మనిషి ఉత్త పాదాల మీద తేలాలంటే బోటు గంటకు సుమారు 57 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. ఆ వేగంలో నీళ్లు గట్టిగా తగులుతాయి. అక్కడ అలవడిన బ్యాలెన్స్ మిగతా రెండింటికీ పనికొస్తుంది.

ట్రిక్స్‌లోనూ 15 సెకన్ల పాస్‌లు రెండే. వెనక్కి తిరగడం, తాడు మీదుగా కాలు దాటించడం, హ్యాండిల్‌ను పాదానికి తగిలించుకుని తిరగడం, ఇలా ఒక్కో ట్రిక్‌కు ఒక్కో విలువ. తాడును స్తంభానికి కట్టి నేల మీదే సాధన చేసుకోవచ్చు కాబట్టి బోటు రోజూ దొరకనివాళ్లకు ఇదే మేలు. ఓపిక మాత్రం చాలా కావాలి.

జంప్ చూడటానికి అద్భుతం. 45 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న ర్యాంప్ మీద నుంచి మేటి ఆటగాళ్లు 30 మీటర్ల దాకా ఎగురుతారు! ఒళ్లంతా గాల్లో చాచి, కాళ్లు వెనక్కి పెట్టి ఎగిరే పద్ధతిని అమెరికన్ మైక్ సైపెల్ తెచ్చాక దూరాలు బాగా పెరిగాయి. మూడు ప్రయత్నాల్లో మంచిదే లెక్కలోకి వస్తుంది. కానీ దిగేటప్పుడు కాస్త తేడా వచ్చినా టెన్షనే, హెల్మెట్ ఉన్నా సరే. ఒంటికాలి స్లాలొమ్ నిలకడగా రానంతవరకు ర్యాంప్ జోలికి వెళ్లొద్దు. ఓవరాల్ టైటిల్ మీద ఆశ ఉన్నవాళ్లకు మూడూ తప్పవు. అలాంటివాళ్లు కూడా జంప్‌ను చివరికే ఉంచుకోవాలి, అదీ పక్కన కోచ్ ఉన్నప్పుడే.